లినక్స్ ల్యాబ్‌కు యాంటీవైరస్: కడప కళాశాలలో నా అనుభవం

విండోస్‌కు బదులుగా ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్ వాడేవారికి యాంటీవైరస్ అక్కరలేదన్న మాట కంప్యూటర్ నేర్చుకునే ప్రతి విద్యార్థీ ఎక్కడో ఒకచోట వినే ఉంటాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే ఇంట్లో ఒకే కంప్యూటరు వాడుకునేవారికి సరిపోయే ఆ మాట, వందలమంది చేతులు పడే ల్యాబ్‌కు సరిపోదని కడపలోని ఒక డిగ్రీ కళాశాలలో కంప్యూటర్ ల్యాబ్ బాధ్యత చూస్తున్న నాకు పనిలోనే తెలిసివచ్చింది. మా ల్యాబ్‌లో యాంటీవైరస్ ఏర్పాటు చేసిన తీరు, అందులో వచ్చిన చిక్కులు, వాటిని విడదీసుకున్న విధానం ఇలాంటి ల్యాబులు నడిపేవారికి పనికొస్తాయన్న ఉద్దేశంతో వివరంగా రాస్తున్నాను.

మా ల్యాబ్‌లోని యంత్రాలు పాతవి. చాలావాటిలో 4 జీబీ మెమరీ మాత్రమే ఉంది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగుస్తుందని ముందే ప్రకటించడం, విండోస్ 11 కోరే ప్రాసెసరు గానీ టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ గానీ మా దగ్గర లేకపోవడం వల్ల ల్యాబ్ మొత్తాన్ని లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్‌కు, అందులోనూ తేలికగా నడిచే ఎక్స్ఎఫ్‌సీఈ రకానికి మార్చుకున్నాం. ఆఫీసు గదిలోని కంప్యూటర్లు మాత్రం విండోస్‌లోనే ఉండిపోయాయి. తెలుగు నోటీసులన్నీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో తయారవుతాయి కనుక వాటిని కదిలించే ఆలోచన ఎవరూ చేయలేదు. అసలు చిక్కు ఈ రెండు గదుల మధ్యనే పుట్టింది.

మా విద్యార్థుల్లో ఎక్కువమంది రాయచోటి, వేంపల్లి, జమ్మలమడుగు వైపు నుంచి వచ్చేవారు. ప్రాజెక్టు రిపోర్టులు, స్కాలర్‌షిప్ కాగితాలు, హాల్‌టికెట్లు అన్నీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని తిరుగుతారు. ఏడురోడ్ల కూడలి చుట్టుపక్కల ఉన్న జిరాక్స్ షాపుల్లోనూ, తమ ఊళ్ళలోని ఆన్‌లైన్ సెంటర్లలోనూ ఆ పెన్‌డ్రైవ్‌ను పెడతారు, అక్కడి నుంచి మా ల్యాబ్‌కు వస్తారు, ఇక్కడి నుంచి ఆఫీసుకు వెళ్ళి ప్రింట్ అడుగుతారు. దారిలో ఎక్కడో అంటుకున్న వైరస్ మా లినక్స్ యంత్రాన్ని ఏమీ చేయదు, ఎందుకంటే అది విండోస్ కోసం రాసిన ప్రోగ్రాము. కానీ ఆ ఫైలు చెక్కుచెదరకుండా పెన్‌డ్రైవ్‌లోనే ఉండి ఆఫీసు దాకా ప్రయాణం చేస్తుంది. ఒక రోజు ఆఫీసు సూపరింటెండెంట్ గారు ల్యాబ్‌కు వచ్చి, "మీ సిస్టమ్స్‌కు వైరస్సే రాదంటిరి కదా సార్, మరి మీ పిల్లలు తెచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టినాకనే కదా మా సిస్టమ్ ఇట్ల అయ్యింది?" అని అడిగారు. ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది. మన యంత్రం జబ్బుపడకపోయినా జబ్బును మోసుకెళ్ళకుండా చూడడం మన బాధ్యతే.

లినక్స్ తనంతట తాను పూర్తిగా క్షేమమని అనుకోవడానికీ వీల్లేదు. సాధారణ వాడుకదారుకు నిర్వాహకుడి అధికారాలు ఉండకపోవడం, ప్రోగ్రాములన్నీ డిజిటల్ సంతకం ఉన్న అధికారిక భాండాగారం (ప్రోగ్రాములు ఉంచే సర్వరు) నుంచే రావడం అనే రెండు కట్టుబాట్లే దానికి ప్రధాన రక్షణ. ఆ కట్టుబాట్లకు గండి పడిన సందర్భాలు ఉన్నాయి. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ వెబ్‌సైటులోకే చొరబడినవారు డౌన్‌లోడు లంకెను మార్చి, దొంగదారి పెట్టిన ఇన్‌స్టాల్ డిస్కు ప్రతిని ఆ లంకె నుంచి దింపుకున్నవారికి అందించారు. అదే సంవత్సరం మిరాయ్ అనే మాల్వేర్, తయారీదారులు పెట్టిన పాస్‌వర్డులను మార్చకుండా వదిలేసిన కెమెరాలు, రౌటర్ల వంటి లినక్స్ పరికరాలను పెద్ద ఎత్తున లొంగదీసుకుంది. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కుదింపు ప్రోగ్రాములో రహస్యంగా చొప్పించిన దొంగదారిని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్ కావడంలో కొద్దిపాటి ఆలస్యాన్ని గమనించి బయటపెట్టాడు. ఇలాంటివాటిని యాంటీవైరస్ ముందే ఆపుతుందని నేను చెప్పను. మింట్ డిస్కు ప్రతిని దింపుకున్న ప్రతిసారీ షా256 చెక్‌సమ్‌ను (ఫైలు మారలేదని తేల్చే సంఖ్యను), దాని సంతకాన్ని సరిచూసుకోవడమే అక్కడ మందు. మా ల్యాబ్‌లో యాంటీవైరస్ చేయవలసిన పని మాత్రం స్పష్టం: పెన్‌డ్రైవ్‌లో వచ్చే విండోస్ వైరస్‌లను గుమ్మంలోనే పట్టుకోవడం.

అందుకు క్లామ్‌ఏవీ అనే యాంటీవైరస్‌ను ఎంచుకున్నాను. దీన్ని తొలుత తోమాష్ కోయ్మ్ రూపొందించాడు. 2007లో సోర్స్‌ఫైర్ సంస్థ చేతికి వచ్చింది, 2013లో ఆ సంస్థను సిస్కో కొనుక్కుంది, ఇప్పుడు సిస్కోలోని తాలోస్ బృందం దీన్ని చూసుకుంటోంది. జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద ఉచితంగా దొరుకుతుంది. మింట్, ఉబుంటు, డెబియన్ అనే లినక్స్ రకాలన్నింటి భాండాగారాల్లోనూ సిద్ధంగా ఉంటుంది. ఈ చివరి కారణమే నాకు అన్నిటికన్నా ముఖ్యం. లినక్స్‌కు ఉచిత యాంటీవైరస్ అని వెతికితే కనిపించే అనామక సైట్ల నుంచి ఫైలు దింపి, నిర్వాహకుడి పాస్‌వర్డు ఇచ్చి దాన్ని నడిపించడం కన్నా యాంటీవైరస్ లేకుండా ఉండడమే మేలు.

ఇన్‌స్టాల్ చేయడం వరకు తేలికే. టెర్మినల్ తెరిచి, సుడో ఆప్ట్ అప్‌డేట్ అన్న ఆదేశం తర్వాత క్లామ్‌ఏవీ, క్లామ్‌ఏవీ-డీమన్ అనే రెండు ప్యాకేజీలను కోరితే వైరస్ గుర్తుల పట్టికను తాజాగా ఉంచే ఫ్రెష్‌క్లామ్ కూడా వాటితోపాటే వస్తుంది. కొత్తవారు తడబడేది ఆ తర్వాతే. పట్టిక వచ్చిందో లేదో చూద్దామని ఫ్రెష్‌క్లామ్‌ను చేత్తో నడిపిస్తే, లాగ్ ఫైలును మరొక ప్రక్రియ పట్టుకుని ఉందన్న దోష సందేశం కనిపిస్తుంది. అది లోపం కాదు. ఇన్‌స్టాల్ అయిన వెంటనే ఫ్రెష్‌క్లామ్ సర్వీసుగా వెనకాల నడవడం మొదలుపెట్టేసింది కనుక రెండో ప్రతిని రానివ్వదు. చేత్తోనే నడపాలనుకుంటే సిస్టమ్‌సీటీఎల్ అనే ఆదేశంతో ఆ సర్వీసును ఆపి, పట్టికను దింపుకుని, మళ్ళీ మొదలుపెట్టాలి. లేదంటే దాని పని దాన్ని చేసుకోనిచ్చి లాగ్ చూస్తే చాలు.

మరో చిక్కు డీమన్‌ది, అంటే వెనకాల నిరంతరం నడిచే ప్రోగ్రాముది. స్కానింగ్ చేసే క్లామ్‌డీ అనే సర్వీసు, వైరస్ పట్టిక డిస్కు మీదకు చేరేవరకు మొదలు కాకుండా డెబియన్ వారు షరతు పెట్టారు. నెట్ నెమ్మదిగా ఉన్నచోట ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయిపోతుంది, పట్టిక మాత్రం ఇంకా దిగుతూనే ఉంటుంది, ఈలోగా డీమన్ ఆగిపోయినట్టు చూపిస్తుంది. వార్-లిబ్-క్లామ్‌ఏవీ ఫోల్డర్‌లో మెయిన్, డైలీ, బైట్‌కోడ్ అనే మూడు ఫైళ్ళూ కనిపించాక డీమన్‌ను చేత్తో ఒకసారి మొదలుపెడితే సరిపోతుంది. మొదటిసారి దిగేది వందల ఎంబీల్లో ఉంటుంది కానీ, ఆ తర్వాత మారిన భాగాలే వస్తాయి కనుక రోజువారీ భారం స్వల్పం.

అసలైన నిర్ణయం మెమరీ దగ్గర తీసుకోవలసి వచ్చింది. క్లామ్‌డీ తన పట్టికనంతా మెమరీలోకి ఎక్కించుకుంటుంది. ఊరికే కూర్చున్నప్పుడు కూడా 1 జీబీకి పైగా ఆక్రమిస్తుంది. పట్టిక మారిన ప్రతిసారీ పాతదాన్ని దించకుండానే కొత్తదాన్ని పక్కన ఎక్కించుకుంటుంది కనుక ఆ కాసేపు దాదాపు రెట్టింపు కావాలి. పట్టిక మారుతున్నంతసేపు స్కానింగ్ ఆగినా పరవాలేదనుకుంటే క్లామ్‌డీ అమరికల ఫైలులో కాంకరెంట్ డేటాబేస్ రీలోడ్ అన్న అంశానికి 'నో' అని రాసి ఈ రెట్టింపును తప్పించుకోవచ్చు. అయినా 4 జీబీ యంత్రంలో బ్రౌజరూ, లిబ్రే ఆఫీసూ తెరిచిన విద్యార్థికి మిగిలేది అంతంతమాత్రమే. డీమన్ లేకుండా క్లామ్‌స్కాన్ అనే విడి ఆదేశంతో పని చేయించవచ్చు. అయితే అది పిలిచిన ప్రతిసారీ పట్టికను మొదటినుంచీ చదువుకుంటుంది కాబట్టి ఒక్క చిన్న ఫైలుకు కూడా పాత యంత్రంలో చాలాసేపు ఎదురుచూడాలి. దీనికి తోడు, ల్యాబ్‌లోని యంత్రాలన్నీ బయటి ప్రపంచానికి ఒకే ఐపీ చిరునామాగా కనిపిస్తాయి. అన్నీ విడివిడిగా పూర్తి పట్టికను దింపుకోబోతే పట్టికలను పంచే సర్వరు 429 అనే సంకేతంతో తిప్పికొట్టి, కొంతకాలం ఆ చిరునామాకు తలుపు మూసేస్తుంది.

ఈ కారణాలన్నీ కలిపి చూసి, ప్రతి యంత్రంలోనూ యాంటీవైరస్ పెట్టే ఆలోచన మానుకున్నాను. ల్యాబ్ తలుపు పక్కన 8 జీబీ మెమరీ ఉన్న ఒక్క యంత్రాన్ని తనిఖీ కోసం కేటాయించి, క్లామ్‌డీని అందులోనే నడిపి, మిగిలిన యంత్రాల్లో పెన్‌డ్రైవ్ అసలు తెరుచుకోకుండా చేశాను. మాడ్‌ప్రోబ్ ఫోల్డర్‌లో చిన్న ఫైలు రాసి యూఎస్‌బీ-స్టోరేజ్, యూఏఎస్ అనే రెండు కెర్నెల్ (లినక్స్ మూలభాగం) మాడ్యూళ్ళను నిషేధిస్తే చాలు. కీబోర్డు, మౌసు వేరే మాడ్యూల్ మీద నడుస్తాయి కాబట్టి వాటికి ఏ ఇబ్బందీ రాదు. సెల్‌ఫోన్లు ఎంటీపీ అనే వేరే పద్ధతిలో కలుస్తాయి కనుక ఈ నిషేధం వాటికి వర్తించదు. ఆ దారిని కూడా విడిగా మూయవలసి వచ్చింది. విద్యార్థి తన పెన్‌డ్రైవ్‌ను తనిఖీ యంత్రంలో పెడతాడు, శుభ్రంగా ఉన్న ఫైళ్ళు లినక్స్, విండోస్ యంత్రాల మధ్య ఫైళ్ళు పంచే సాంబా అనే ప్రోగ్రాము ద్వారా పంచుకునే ఉమ్మడి ఫోల్డర్‌లోకి వెళతాయి, ల్యాబ్‌లోని ఏ సీటు నుంచైనా వాటిని తెరుచుకోవచ్చు. ఆఫీసువారు కూడా ప్రింట్ కోసం అదే ఫోల్డర్ చూస్తారు. పెన్‌డ్రైవ్ ఆఫీసు గది దాకా పోనవసరమే లేదు.

తనిఖీ యంత్రం పనిచేస్తోందా లేదా అని నిజం వైరస్‌తో పరీక్షించకూడదు. ఈ అవసరం కోసమే ఐకార్ అనే ఐరోపా సంస్థ పేరుతో 68 అక్షరాల పరీక్ష వాక్యం ఒకటి ఉంది. అది ఎవరికీ హాని చేయదు, అయినా యాంటీవైరస్‌లన్నీ దాన్ని వైరస్‌గానే గుర్తించాలని ఒప్పందం. ఆ వాక్యాన్ని మామూలు ఫైలుగా ఒకసారి, జిప్‌లో పెట్టి ఒకసారి, జిప్‌లో జిప్‌గా పెట్టి మరోసారి పెన్‌డ్రైవ్‌లో ఉంచి చూశాను. తొలి ఫలితంగా వచ్చింది వైరస్ పేరు కాదు, అనుమతి నిరాకరణ సందేశం. విద్యార్థి లాగిన్ అయి పెట్టిన పెన్‌డ్రైవ్‌ను చదివే హక్కు ఆ విద్యార్థి ఖాతాకే ఉంటుంది. క్లామ్‌డీ మాత్రం క్లామ్‌ఏవీ అనే వేరే ఖాతా కింద నడుస్తుంది. క్లామ్‌డీస్కాన్ ఆదేశానికి ఎఫ్‌డీపాస్ అన్న ఐచ్ఛికం జోడిస్తే, విద్యార్థి ఖాతాయే ఫైలును తెరిచి డీమన్ చేతికి అందిస్తుంది. దాంతో మూడు రూపాల్లోనూ ఐకార్ దొరికింది. ఈ సందేశాన్ని పట్టించుకోకుండా వదిలేసేవారు ఉంటారు. ఏమీ చదవకుండా వచ్చిన ముగింపు పట్టికలో కూడా సోకిన ఫైళ్ళ సంఖ్య సున్నా అనే ఉంటుంది కనుక ఇది ప్రమాదకరం. అందుకే నా చిన్న స్క్రిప్టు ఆ సంఖ్యను కాక ఆదేశం తిరిగి ఇచ్చే సంకేతాన్ని చూస్తుంది: 0 అయితే శుభ్రం, 1 అయితే వైరస్ ఉంది, 2 అయితే తనిఖీయే సరిగా జరగలేదు. 2 వచ్చినప్పుడు ఏ ఫైలూ ఉమ్మడి ఫోల్డర్‌లోకి వెళ్ళదు.

దొరికిన ఫైలును చెరిపేయాలా, పక్కన పెట్టాలా అన్నది తరువాతి ప్రశ్న. క్లామ్‌ఏవీ వైరస్‌ను గుర్తిస్తుంది గానీ సోకిన ఫైలును బాగుచేసి ఇవ్వదు. మాక్రో వైరస్ అంటిన వర్డ్ ఫైలులో ఆ విద్యార్థి కష్టపడి తయారు చేసుకున్న రిపోర్టు ఉండవచ్చు, ఒక్కోసారి ఏ తప్పూ లేని ఫైలును కూడా వైరస్ అని చూపవచ్చు. కాబట్టి రిమూవ్ అన్న ఐచ్ఛికాన్ని నేను ఎక్కడా వాడలేదు. ఉమ్మడి ఫోల్డర్‌లో దొరికినవాటిని వేరే చోటికి తరలిస్తాను; పెన్‌డ్రైవ్‌లో దొరికినవాటిని విద్యార్థికి చూపించి, అతను ఒప్పుకున్నాకే ముట్టుకుంటాను.

ఈ పద్ధతి ఎంత అవసరమో చివరి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి పెన్‌డ్రైవ్ తెచ్చినప్పుడు మరింత బాగా అర్థమైంది. "సార్, ప్రాజెక్ట్ ఫోల్డర్ కనపడలేదు, అన్నీ షార్ట్‌కట్‌లే ఉండాయి. ఆన్‌లైన్ సెంటర్ అన్న ఫార్మాట్ కొట్టమంటాండాడు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. షార్ట్‌కట్ వైరస్ చేసే పని ఇదే: అసలు ఫోల్డర్లకు దాచిన గుర్తు తగిలించి, లేదా పేరు స్థానంలో కనిపించని అక్షరం ఉన్న మరో ఫోల్డర్‌లోకి నెట్టి, వాటి పేర్లతో షార్ట్‌కట్‌లు పెడుతుంది; వాటిని నొక్కిన ప్రతిసారీ వైరస్ నడుస్తుంది. విండోస్ ఆ దాచిన గుర్తును పాటిస్తుంది, లినక్స్‌లోని ఫైల్ మేనేజరు పట్టించుకోదు. తనిఖీ యంత్రంలో పెట్టగానే పేరులేని ఫోల్డరూ, అందులో ఆమె రిపోర్టు, ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు అన్నీ చెక్కుచెదరకుండా కనిపించాయి. ముందు వాటిని ఉమ్మడి ఫోల్డర్‌లోకి నకలు చేసి, తరువాత ఫ్యాట్‌ఆట్టర్ అనే చిన్న ఆదేశంతో దాచిన గుర్తులు తీసేశాను. ఫార్మాట్ చేయించి ఉంటే ఆమె నెలల శ్రమ పోయేది. పెన్‌డ్రైవ్ ఖాళీగా కనిపించినంత మాత్రాన ఎవరూ ఫార్మాట్‌కు ఒప్పుకోవద్దని విద్యార్థులందరికీ గట్టిగా చెబుతున్నాను.

ఆ పెన్‌డ్రైవ్‌లోని వీబీఎస్ (విండోస్ స్క్రిప్టు) ఫైలును మాత్రం క్లామ్‌ఏవీ గుర్తించలేదు. ఈ మాట దాచకుండా చెప్పాలి. క్లామ్‌ఏవీ మొదటినుంచీ మెయిల్ సర్వర్ల కోసం ఎక్కువగా వాడుకలో ఉన్న సాధనం; మన ఊరి షాపుల్లో చేతులు మారుతూ తిరిగే చిన్న స్క్రిప్టులన్నీ దాని పట్టికలో ఉంటాయని ఆశించలేం. అయితే దాని పట్టికకు మనమూ కలపవచ్చు, నాకు ఈ సాధనంలో అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే. సిగ్‌టూల్ అనే ఆదేశానికి షా256 ఐచ్ఛికంతో ఆ ఫైలును చూపిస్తే ఒక వరుస ఇస్తుంది; దాన్ని హెచ్ఎస్‌బీ పొడిగింపు ఉన్న ఫైలుగా పట్టిక ఫోల్డర్‌లో దాచి డీమన్‌కు మళ్ళీ చదవమని చెబితే, అప్పటినుంచీ అదే ఫైలు ఎవరి పెన్‌డ్రైవ్‌లో వచ్చినా పట్టుబడుతుంది. నేను కలిపిన ఆ వరుసతో తర్వాత మరికొందరి పెన్‌డ్రైవ్‌లలో కూడా అదే స్క్రిప్టు దొరికింది. ఫైలులో ఒక్క బైటు మారినా ఈ గుర్తు పనిచేయదు కనుక, పెన్‌డ్రైవ్ తెరవగానే కనిపించే మొదటి స్థాయిలో ఆటోరన్ ఫైలు, ఎల్ఎన్‌కే (షార్ట్‌కట్), వీబీఎస్ పొడిగింపులున్న ఫైళ్ళు ఏవి ఉన్నా వైరస్ అని తేలకపోయినా సరే స్క్రిప్టు ఎత్తిచూపేలా చేశాను. డిగ్రీ విద్యార్థి పెన్‌డ్రైవ్‌లో వాటికి పని లేదు. దొరికిన నమూనాను క్లామ్‌ఏవీ వెబ్‌సైటులోని నమూనాల పేజీ ద్వారా పంపించాను కూడా. మనకు ఉచితంగా అందే పట్టికకు తిరిగి ఇవ్వగలిగినది అదే.

ఫైలు వచ్చిన క్షణంలోనే తనిఖీ జరిగేలా క్లామ్ఆన్ఏసీసీ అనే భాగం ఉంది. కెర్నెల్‌లోని ఫానోటిఫై సౌకర్యం మీద ఆధారపడి నడుస్తుంది. దాన్ని ఉమ్మడి ఫోల్డర్ ఒక్కదానికే పెట్టాను. మొత్తం డిస్కుకు, అదీ అడ్డుకునే అధికారంతో పెడితే యంత్రం కదలకుండా పోయే ప్రమాదం ఉంది; క్లామ్‌ఏవీ ఖాతాను మినహాయింపుల్లో రాయకపోతే అది తాను తెరిచిన ఫైలును తానే తనిఖీ చేస్తూ పోతుంది. ఉమ్మడి ఫోల్డర్ మొత్తానికి పూర్తి స్కాన్‌ను మధ్యాహ్న భోజన విరామంలో పెట్టాను. రాత్రిపూట ల్యాబ్‌కు కరెంటు ఆపేస్తారు కాబట్టి పుస్తకాల్లో చెప్పే అర్ధరాత్రి స్కాన్ మాకు కుదరదు. పనులను వేళకు నడిపించే సిస్టమ్‌డీ టైమర్‌లో పర్సిస్టెంట్ అని రాస్తే, ఆ సమయానికి యంత్రం ఆగి ఉన్నా తరువాత ఆన్ చేయగానే ఆ పని జరుగుతుంది. మే నెలలో కడప ఎండకు గదిలో ఫ్యాన్లే వేడిగాలి కొడుతుంటాయి, ప్రాసెసరును పూర్తిగా వాడే స్కాన్ పాత యంత్రాన్ని ఇట్టే వేడెక్కిస్తుంది. అందుకని వేసవిలో ఒకేసారి పలు ఫైళ్ళను చూసే మల్టీస్కాన్ ఐచ్ఛికాన్ని తీసేస్తాను.

లాగ్ చదివేవారిని కలవరపెట్టే సందేశం మరొకటి ఉంది. మీ క్లామ్‌ఏవీ పాతబడింది అని ఫ్రెష్‌క్లామ్ పెద్ద అక్షరాల్లో హెచ్చరిస్తుంది. పాతబడింది ఇంజను, పట్టిక కాదు. మింట్, ఉబుంటు భాండాగారంలోకి కొత్త ఇంజను రావడానికి కొంత సమయం పడుతుంది, ఈలోగా పట్టిక మామూలుగానే వస్తుంటుంది. కానీ ఏళ్ళ తరబడి నవీకరించని యంత్రం సంగతి వేరు; మద్దతు ముగిసిన బాగా పాత ఇంజన్లకు పట్టిక ఇవ్వడమే మానేస్తారు. భద్రతా సవరణలు వాటంతట అవే పడేలా అన్ని యంత్రాల్లోనూ పెట్టడం, విద్యార్థుల ఖాతాలకు సుడో (నిర్వాహకుడి) హక్కు ఇవ్వకపోవడం, యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్‌తో సాంబా దారిని కళాశాల నెట్‌వర్కుకే పరిమితం చేయడం ఇవన్నీ యాంటీవైరస్‌తో సమానమైన పనులే కానీ వాటిలో వివరించవలసినంత చిక్కేమీ లేదు.

ఆఫీసు కంప్యూటర్లలో విండోస్ డిఫెండర్ అలాగే ఉంది, ఉండాలి కూడా. క్లామ్‌ఏవీ వదిలేసినది అది పట్టిన సందర్భం వచ్చింది, ఆ ఫైలు గుర్తును కూడా మా పట్టికలో కలిపాను. నేను సెలవులో ఉన్నప్పుడు పని ఆగకూడదని, తనిఖీ యంత్రం దగ్గర ఏం చేయాలో తెలుగులో ఒక పేజీ రాసి అటెండరు గారికి, ల్యాబ్‌లోని సీనియర్ విద్యార్థులకు నేర్పించాను. తెర మీద ఎరుపు గీత వస్తే పెన్‌డ్రైవ్ తీయకుండా నాకు ఫోన్ చేయమని, పసుపు గీత వస్తే తనిఖీ సగంలో ఆగిందని అర్థం కాబట్టి మళ్ళీ పెట్టి చూడమని అందులో ఉంది. సూపరింటెండెంట్ గారు ఆ పేజీ నకలు ఒకటి అడిగి తీసుకుని ఆఫీసు గది గోడకు అంటించుకున్నారు. పెన్‌డ్రైవ్‌తో వచ్చే విద్యార్థులను ముందు ల్యాబ్‌కు వెళ్ళి రమ్మని ఇప్పుడు ఆయనే పంపిస్తున్నారు.